గాలిలో కలిసిన గొంతులు: తెలుగు రేడియో తొలి తరం

(రేడియో ప్రసంగానికి అక్షర రూపం)

ప్రతిసారీ ఏదో ఒక విషయం పట్టుకుని మీ ముందుకు వస్తుంటాను. ఈసారి మాత్రం మనమిద్దరం కలుసుకునే ఈ పెట్టె గురించే మాట్లాడుకుందాం. మీరు నా గొంతు వింటారు, నా ముఖం చూడరు. నేను మాట్లాడతాను, మీరు ఉన్నారో లేరో నాకు తెలియదు. అయినా మన మధ్య ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని మనకంటే ముందు కొందరు కష్టపడి కట్టారు. వాళ్లెవరు? ఎక్కడి నుంచి వచ్చారు? చివరికి ఏమయ్యారు? దయచేసి కాసేపు నాతో కలిసి ఆలోచించండి.

ముందుగా మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి చెబుతాను. మా అమ్మమ్మ వాళ్లది కొల్లేటి లంక గ్రామం. చుట్టూ నీళ్లు. వానాకాలం వస్తే దోనె తప్ప దారి లేదు. మా పెద్దమ్మ మాత్రం ఏలూరులో బంధువుల ఇంట ఉండి చదువుకుంది, పాట నేర్చుకుంది. 1950ల్లో ఒకసారి ఆమెకు రేడియోలో పాడే అవకాశం వచ్చింది. రెండు పాటలు. ఏలూరులో రైలెక్కి విజయవాడ వెళ్లింది. లంకలో మొత్తానికి ఒకే ఒక్క రేడియో. అది ఒక మోతుబరి గారి అరుగు మీద ఉండేది. ఊళ్లో కరెంటు లేదు గనుక బ్యాటరీతో నడిచేది. ఆ సాయంత్రం ఊరు ఊరంతా ఆ అరుగు ముందు కూర్చుంది. పెద్దమ్మ పేరు వినిపించగానే అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చిందట. మొదటి పాట అయింది. రెండో పాట చరణంలోకి వచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది. గొంతు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. "పిల్ల పాట మర్చిపోయింది" అని అమ్మమ్మ కంగారు!

రెండు రోజుల తరువాత పెద్దమ్మ ఇంటికొచ్చి, "ఎలా పాడాను?" అని అడిగింది. "బ్రహ్మాండంగా పాడావు" అన్నారందరూ. అసలు సంగతి చాలా ఏళ్ల తరువాత గానీ ఆమెకు చెప్పలేదు. అప్పుడామె నవ్వి ఒక మాట అన్నది: "మీరు సగమైనా విన్నారు. నేను అదీ వినలేదుగా!" నిజమే. అది నేరుగా వెళ్లిన ప్రసారం. రికార్డు చేయలేదు. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆ పాట ఎక్కడా లేదు.

ప్రియులారా, ఇది ఒక్క మా పెద్దమ్మ కథే కాదు. తొలి తరం రేడియో కళాకారుల్లో ఎంతోమంది కథ ఇదే.

మొదట కొంచెం దూరం వెళ్లి వద్దాం. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కె.డి.కె.ఎ. అనే స్టేషను 1920 నవంబరు 2న అధ్యక్ష ఎన్నికల ఫలితాలను ప్రసారం చేసింది. సరిగ్గా రెండు నెలలకు, 1921 జనవరి 2న, అదే స్టేషను కాల్వరీ ఎపిస్కోపల్ చర్చిలో జరిగిన ఆరాధనను ప్రసారం చేసింది. రేడియోలో వినిపించిన మొదటి చర్చి ఆరాధనగా చరిత్రకారులు దాన్ని చెబుతారు. ఆ రోజు పెద్ద పాదిరిగారికి ఈ కొత్త యంత్రం మీద నమ్మకం లేక చిన్న పాదిరిగారిని ప్రసంగించమన్నారు. యంత్రాలు చూసుకునే ఇంజనీర్లు జనం కళ్లకు ఎబ్బెట్టుగా కనిపించకుండా వాళ్లకు గాయకబృందం అంగీలు తొడిగారు. ఎంత విచిత్రం! ఈ రోజు మనం మాట్లాడే రేడియో ప్రసంగాలకు మూలం, పెద్దాయన వద్దన్నందుకు చిన్నాయన చేసిన ఒక ప్రసంగం.

ఆ తొలి రోజుల్లో అక్కడ పాడేవారికి చాలాచోట్ల జీతం లేదు. పేరు వస్తుందని ఉచితంగా పాడేవారు. అనౌన్సర్లకైతే పేరు కూడా ఉండేది కాదు. పేరు చెప్పకుండా పొడి అక్షరాలు మాత్రమే చెప్పేవారు. డబ్ల్యు.జె.జడ్. స్టేషనులో టామీ కోవన్ అనే ఆయన 'ఎ.సి.ఎన్.' అని చెప్పుకునేవాడు. 'అనౌన్సర్, కోవన్, నెవార్క్' అని దానర్థం. 1923లో గ్రాహం మెక్‌నమీ అనే గాయకుడు న్యూయార్కులో కోర్టు జ్యూరీ పనిమీద వచ్చి, భోజన విరామంలో పక్కనే ఉన్న రేడియో స్టేషనులోకి నడిచి వెళ్లి ఉద్యోగం అడిగాడు. కొద్ది కాలంలోనే ఆయన గొంతు దేశమంతటా తెలిసిపోయింది. ఈ వృత్తికి అప్పటికి బడి లేదు, గురువు లేడు. ఎవరికి వారు నేర్చుకున్నదే.

మరి మన దగ్గర? మద్రాసులో 1924లోనే కృష్ణస్వామి చెట్టిగారు 'మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్' స్థాపించారు. జూలై 31న ప్రసారాలు మొదలయ్యాయి. డబ్బు చాలక 1927లో ఆగిపోయాయి. ఆ యంత్రాన్ని మద్రాసు కార్పొరేషను తీసుకుని 1930 నుంచి ప్రసారాలు నడిపింది. బొంబాయి, కలకత్తాలలో 1927లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ స్టేషన్లు పెట్టింది. అదీ మూడేళ్లలో దివాలా తీసింది. హైదరాబాదులో ఒక ప్రైవేటు స్టేషనుగా మొదలైనదాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుని దక్కన్ రేడియోగా నడిపింది. 1936 జూన్ 8న 'ఆలిండియా రేడియో' అనే పేరు వచ్చింది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ప్రారంభమైంది. మన తెలుగు రేడియో వృత్తిగా నిలబడింది ఆ రోజు నుంచే. కృష్ణా గోదావరి జిల్లాల వారి గుమ్మం ముందుకు అది వచ్చింది మాత్రం 1948 డిసెంబరు 1న, విజయవాడ కేంద్రం మొదలైనప్పుడు.

గమనించండి. అమెరికాలో ప్రకటనల డబ్బుతో రేడియో నడిచింది. మన దగ్గర ప్రభుత్వం నడిపింది. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. ఈ తేడా కళాకారుల బతుకులో కూడా కనిపిస్తుంది. అక్కడ పేరొచ్చినవారు ధనవంతులయ్యారు. ఇక్కడ పేరొచ్చినవారు నెల జీతగాళ్లుగానే ఉన్నారు.

మొదటి సంగతి: వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు?

మన చుట్టుపక్కల ఊళ్లే చూద్దాం. తాడేపల్లిగూడెం దాటితే నిడదవోలు. అక్కడ 1920 జనవరి 29న బాలాంత్రపు రజనీకాంతరావుగారు పుట్టారు. 1941లో మద్రాసు కేంద్రంలో చేరారు. రాయటం, స్వరం కట్టటం, నేర్పించటం, అన్నీ ఆయనే. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు కేంద్రం నుంచి ఆయన రాసిన పాటను టంగుటూరి సూర్యకుమారి పాడారు. ఆ తరువాత విజయవాడ కేంద్రానికి డైరెక్టరుగా వచ్చారు. వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. 2018లో, తొంభై ఎనిమిదేళ్ల వయసులో, విజయవాడలో కన్నుమూశారు. ఒక రైలు జంక్షన్ ఊరి పిల్లవాడు ఒక భాష మొత్తానికి లలిత సంగీతం నేర్పాడు.

ఇటు కొల్లేటి వైపు రండి. కైకలూరు పక్కన ఆటపాక. ఈ రోజు ఆ పేరు చెబితే గూడబాతుల కేంద్రం గుర్తొస్తుంది. బందా కనకలింగేశ్వరరావుగారు 1907లో పుట్టింది ఆ ఊళ్లోనే. ఏలూరులో వకీలుగా ప్రాక్టీసు చేస్తూనే రంగస్థలం మీద గొప్ప నటుడిగా వెలిగారు. కూచిపూడి నాట్యానికి ఎంతో సేవ చేశారు. అటువంటి మనిషి విజయవాడ ఆకాశవాణిలో నాటక ప్రయోక్తగా పనిచేశారు. వేలమంది ముందు నిలబడి పద్యం ఎత్తుకున్న గొంతు, నాలుగు గోడల మధ్య ఒక చిన్న మైకు ముందుకు వచ్చింది.

గోదావరి ఒడ్డున కాకరపర్రులో 1928లో పుట్టిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులుగారిని మీరు ఆ పేరుతో ఎరుగకపోవచ్చు. 'ఉషశ్రీ' అంటే మాత్రం ఇంటింటా తెలుసు. 1965లో ఆకాశవాణిలో చేరారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన రామాయణ భారతాలు చెబుతుంటే, ఏ మతం వారైనా ఆ మాట తీరు కోసం ఆగి వినేవారు. వ్యాకరణం చదువుకున్న పండితుడు అరుగు మీద కూర్చుని ఇంట్లోవాళ్లతో మాట్లాడినట్లు మాట్లాడారు. అదే ఆయన సాధించిన విజయం.

రెండవ సంగతి: వాళ్లు ఏమి నేర్చుకోవలసి వచ్చింది?

ప్రియులారా, మైకు లేని రోజుల్లో నాటకమంటే చివరి వరుసకు వినబడేలా అరవాలి. రాగం సాగదీయాలి. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అంటే మళ్లీ పాడాలి. రేడియోలో అవేవీ లేవు. చప్పట్లు లేవు, రంగులు లేవు, కిరీటాలు లేవు. ఎర్ర దీపం వెలిగితే మాట్లాడాలి, గడియారం ముల్లు చెప్పిన చోట ఆపాలి. కాగితం తిప్పిన చప్పుడు కూడా వినబడకూడదు. శ్రోత అరంగుళం దూరంలో చెవి పెట్టి వింటున్నట్లు భావించి పలకాలి. అమెరికాలో వాన్ డి లీత్ అనే గాయని, గట్టిగా పాడితే అప్పటి యంత్రాల బల్బులు తట్టుకోవన్న భయంతో గొంతు తగ్గించి జోలపాటలా పాడిందని చెబుతారు. ఆ మెత్తని పద్ధతే తరువాత అక్కడ ఒక గానశైలి అయింది.

మన వాళ్లకు ఇంకొక పరీక్ష కూడా వచ్చింది. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించింది. మన గమకాలకు అది సరిపడదని అప్పటి పెద్దల వాదన. ఒక్కసారి ఆలోచించండి. మన జిల్లాల్లో పద్యనాటకానికి హార్మోనియమే ఊపిరి. శ్రుతి అదే, వెన్నుదన్ను అదే. అది లేకుండా పాడమంటే కర్ర లేకుండా నడవమన్నట్లే. కొందరు మానుకున్నారు. కొందరు తంబురా శ్రుతితో మళ్లీ మొదటి నుంచి సాధన చేశారు. 1971లో గానీ ఆ నిషేధం కొంతవరకు సడలలేదు. ముప్పై ఏళ్లు! ఒక కళాకారుడి వయసులో అది ఎంత కాలమో లెక్క వేసుకోండి.

పిల్లల కార్యక్రమాల్లోనూ ఇటువంటి సాధనే జరిగింది. న్యాపతి రాఘవరావుగారు, ఆయన భార్య కామేశ్వరిగారు మద్రాసు రేడియోలో పిల్లల కోసం పనిచేశారు. పేర్లు పక్కన పెట్టి 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య' అయ్యారు. 1940లో బాలానంద సంఘం స్థాపించారు. 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. మన నరసాపురంలో పుట్టిన బాపుగారు, ఆయన స్నేహితుడు ముళ్లపూడి వెంకటరమణగారు ఆ పత్రిక పేజీల్లోనే తొలి అడుగులు వేశారు. సొంత పేరు వదులుకున్న దంపతులు ఇతరుల పిల్లలకు పేరు తెచ్చిపెట్టారు. ఇంతకంటే గొప్ప సంపాదన ఏముంటుంది?

ఇక వార్తలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో తాడేపల్లిగూడెంలో విమానాల రన్‌వే వేశారు. యుద్ధం ఎక్కడో జరుగుతున్నదని అనుకున్న మన రైతులకు అది గుమ్మం దాకా వచ్చిందని అర్థమైంది. అప్పటి నుంచి వార్త అంటే కాలక్షేపం కాదు, అవసరం. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన వారిలో కొంగర జగ్గయ్యగారు ఉన్నారు. తరువాత సినిమా నటుడై, పార్లమెంటు సభ్యుడై పేరుపొందారు గానీ, ఆ కంచు కంఠాన్ని తెలుగువారు మొదట విన్నది వార్తల్లో. పన్యాల రంగనాథరావుగారు అదే పనిని జీవితంగా చేసుకున్నారు. 'వార్తలు చదువుతున్నది' అన్న తరువాత వచ్చే ఒక్క పేరు, అంతవరకే వారి గురించి శ్రోతకు తెలిసింది. ఆ పేరు చెప్పిన తరువాత వచ్చే మాట మీద ఊరు నమ్మకం పెట్టుకునేది. తుపాను హెచ్చరిక వస్తే కొల్లేటి లంకల్లో దోనెలు కట్టేసేది, పశువులను మెరకకు తోలేది ఆ ఒక్క గొంతు విని.

మూడవ సంగతి: వాళ్ల బతుకు ఎలా గడిచింది?

ఇది కొంచెం బాధగా ఉంటుంది, కానీ చెప్పాలి. ఆకాశవాణిలో పాడేవారు, నటించేవారు, ప్రకటించేవారు చాలామంది 'స్టాఫ్ ఆర్టిస్టులు'. అంటే ఒప్పందం మీద పనిచేసేవారు. ఆఫీసులో ఫైలు రాసే గుమాస్తా ప్రభుత్వోద్యోగి. ఆ ఫైల్లో ఎవరి పేరు ఉందో, ఎవరి గొంతు రాష్ట్రమంతా వింటుందో, ఆయన మాత్రం ఏళ్ల తరబడి ఒప్పంద కళాకారుడు. ఒప్పందం ముగిసే రోజు వస్తుంటే గుండె దడ. 1982లో గానీ వారిని ప్రభుత్వోద్యోగులుగా గుర్తించలేదు. అప్పటికి తొలి తరంలో ఎంతమంది రిటైరయ్యారో, ఎంతమంది కన్నుమూశారో!

1952 తరువాత ఇంకొక మార్పు వచ్చింది. అప్పటి మంత్రి కేస్కర్ గారి హయాంలో సినిమా పాటలకు ఆకాశవాణిలో చోటు తగ్గింది. జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. అక్కడ తెలుగు కార్యక్రమాలు నడిపిన మీనాక్షి పొన్నుదురై గారి పలుకు తెలుగునాట ఎంతమందికి సుపరిచితమో! సముద్రం అవతల ఉన్న ఒకామె మన ఇంటి మనిషి అయిపోయింది. చివరకు 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైంది. శ్రోత అలిగితే ప్రభుత్వం కూడా దిగివస్తుందని దీనివల్ల తెలుస్తున్నది.

దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి సంగతి చెప్పకుండా ఈ మాట ముగించలేను. ఆయన మాట మాట్లాడితే కవిత్వం విన్నట్లుండేదని విన్నవారంతా చెబుతారు. రేడియో కోసం ఎన్నో గేయాలు, నాటికలు రాశారు. ఆకాశవాణిలో ప్రయోక్తగా పనిచేశారు. 1963లో గొంతుకు క్యాన్సరు వచ్చి, శస్త్రచికిత్సతో ఆ గొంతు శాశ్వతంగా పోయింది. గొంతే ఆస్తి అయిన మనిషికి గొంతు పోతే ఇంకేం మిగులుతుంది? కాని ఆయన కాగితం ముక్కల మీద రాసి స్నేహితులతో మాట్లాడారు. ఇంకా పదిహేడేళ్లు, 1980లో కన్నుమూసేవరకు, ఇతరుల గొంతుల కోసం పాటలు రాస్తూనే ఉన్నారు. తనకు లేనిదాన్ని ఇతరుల ద్వారా వినిపించారు. నిరుత్సాహపడినప్పుడల్లా నేను ఈ సంగతి గుర్తు చేసుకుంటాను.

నాలుగవ సంగతి: ఏమి మిగిలింది?

కొన్ని మిగిలాయి. ఉషశ్రీగారి ప్రసంగాలు టేపుల నుంచి కంప్యూటర్లలోకి, ఫోన్లలోకి వచ్చాయి. శ్రీరంగం గోపాలరత్నం, వోలేటి వెంకటేశ్వర్లు, బాలమురళీకృష్ణ గారల గానం నేటికీ వింటున్నాం. ఉదయం కేంద్రం తెరిచేటప్పుడు వినిపించే ఆ సంకేత సంగీతం కూడా నిలిచింది. దాన్ని కట్టినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదుడు. ఐరోపాలో హిట్లరు నీడ కమ్ముకుంటుంటే 1934లో బొంబాయి చేరి, తరువాత అక్కడి రేడియోలో పనిచేశాడు. ఇల్లు విడిచి వచ్చిన పరదేశి కట్టిన వరుసతో కోట్లమంది ఇళ్లలో తెల్లవారింది.

కాని పోయినవే ఎక్కువ. తొలి ఏళ్లలో చాలా ప్రసారాలు నేరుగా వెళ్లాయి. టేపులు వచ్చాక కూడా అవి ఖరీదైన వస్తువులు. పాత ప్రసారం చెరిపి కొత్తది ఎక్కించటం ప్రపంచమంతటా రేడియోల్లో ఉన్న అలవాటే. చెరిపినవారిని తప్పుపట్టలేం. ఆ రోజు వారికి రేపటి కార్యక్రమం ముఖ్యం. కాని ఆ రేపు కోసం ఎన్ని నిన్నలు పోయాయో! రజనిగారి వంటి వారికి పుస్తకాలున్నాయి, బహుమతులున్నాయి. మరి గుంపులో నాలుగో గొంతుగా పాడినవారికి? నాటకంలో 'ఎవరక్కడ?' అన్న పిలుపుకు 'చిత్తం' అన్నవారికి? పల్లెల నుంచి ఒక్కసారి వచ్చి జానపదం పాడి తిరిగి పొలానికి వెళ్లినవారికి? వాళ్ల జ్ఞాపకం ఉన్నది విన్నవారి చెవుల్లో మాత్రమే. ఆ చెవులు కూడా ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి.

అందుకే, ప్రియులారా, నేను మీతో ఒక మనవి చేస్తున్నాను. ఇది పెద్ద పని కాదు. మీ ఇంట్లో డెబ్బై, ఎనభై ఏళ్లు దాటిన పెద్దవారు ఉన్నారా? ఏలూరులో గాని, గూడెంలో గాని, కొల్లేటి లంకల్లో గాని, రేడియోలో పాడినవారో, మాట్లాడినవారో, కనీసం పంచాయతీ రేడియో కింద కూర్చుని విన్నవారో ఉన్నారా? ఈ ఆదివారం సాయంత్రం వారి దగ్గర కూర్చోండి. "అప్పుడేం విన్నావు తాతయ్యా?" అని అడగండి. "ఆ పాట ఒక్కసారి పాడవా అమ్మమ్మా?" అని బతిమాలండి. మీ చేతిలోని ఫోనులో రికార్డు చేయండి. తరువాత దాన్ని వారికే వినిపించండి. తేదీ, ఊరు, పేరు రాసి పెట్టండి. గొంతు వణికినా పరవాలేదు. మధ్యలో దగ్గు వచ్చినా పరవాలేదు. మర్చిపోయి ఆగినా చెరపకండి.

మా పెద్దమ్మ విషయంలో నేను ఆ పని చేయలేదు. ఎప్పుడో చేద్దాంలే అనుకున్నాను. ఆమె వంటింట్లో కూనిరాగం తీస్తుండగా ఎన్నోసార్లు ఆ గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్లాను. జేబులో ఫోను ఉంది. ఒక్క మీట నొక్కితే సరిపోయేది. 1950ల్లో బ్యాటరీ అయిపోయి ఆగిన పాట అది. రెండోసారి ఆగింది నా బద్ధకం వల్ల.

మీరు ఆ పొరపాటు చేయకండి. వచ్చే సంచికలో మళ్లీ కలుసుకుందాం. అంతవరకు సెలవు.